కళ్ళజోడు దగ్గర ఆగిన కార్డు

లక్ష్మీప్రియ ఉద్యోగమంతా కుడిచేతి బొటనవేలి మీద నడుస్తుంది. అమెరికాలోని బాతెల్‌లో కొత్త మందుల మీద పరిశోధన చేసే ఒక కంపెనీలో ఆమె ల్యాబ్ సైంటిస్టు. పిపెట్ అనే సన్నటి పరికరంతో ఒక గొట్టంలోంచి చుక్క పీల్చాలి, ఇంకో గొట్టంలో వదలాలి. పీల్చినా వదిలినా బొటనవేలితో మీట నొక్కాల్సిందే. పొద్దున్న మొదలుపెడితే భోజనాల వేళకి ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకే తెలియదు. చెయ్యి వణకదు, చుక్క తప్పదు. కష్టమైన ప్రయోగం వస్తే "ప్రియకి ఇవ్వండి" అంటారు తోటివాళ్ళు. ఆ మాటకి పైకి ఏమీ అనదు కానీ, ఆ రోజంతా హుషారుగా ఉంటుంది.

కూతురు దియ పుట్టి నెల తిరిగేసరికి ఆ చెయ్యే మొరాయించింది.

పసిపిల్లని ఎత్తాలంటే రెండు చేతులూ చంకల కింద పెట్టి, బొటనవేళ్ళు పైకి చాపి ఎత్తాలి. ఉయ్యాల్లోంచి తీసేటప్పుడు, పాలకి, తేనుపుకి, గుడ్డలు మార్చడానికి, రోజుకి ఎన్నిసార్లో. ఒకరోజు పాలిచ్చి భుజాన వేసుకోబోతుంటే మణికట్టు దగ్గర కలుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనే ఉన్న తల్లి ఆండాళ్ చటుక్కున పిల్లని అందుకుని, కారణం అక్కడికక్కడే తేల్చేసింది.

"చన్నీళ్ళు ముట్టుకున్నావు. బాలింతవి, ఆ సింకు దగ్గరికి వెళ్ళొద్దంటే విన్నావా?"

"ఆ పంపులో వేణ్ణీళ్ళే వస్తాయమ్మా."

"వేడెక్కేదాకా వచ్చేవి చన్నీళ్ళే కదా!"

ఆండాళ్ రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టింది. హాయిగానే ఉంది కానీ, నొప్పి మాత్రం కదల్లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే, బొటనవేలిని కదిలించే కండర బంధం వాచిందనీ, కొత్త తల్లులకి ఇది మామూలేననీ చెప్పింది. "ఏం పని చేస్తారు?" అని అడిగి, పిపెట్ సంగతి విన్నాక మాత్రం ఆవిడ ముఖంలో ఆ మామూలుతనం పోయింది. చేతికి పట్టీ వేసుకోవాలి, పిల్లని ఎత్తడం తగ్గించాలి, వారం వారం హ్యాండ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాలి. నయం కాకుండా పనిలోకి దిగితే ఆపరేషన్ దాకా పోవచ్చు.

లక్ష్మీప్రియ ఆ రాత్రి పట్టీ వేసిన చేతిని పొట్ట మీద పెట్టుకుని చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. ఈ దేశంలో ఆమె ఉండటం వీసా మీద, వీసా ఉద్యోగం మీద, ఉద్యోగం ఆ చేతి మీద ఆధారపడి ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు, కన్నబిడ్డని ఎత్తుకోవడానికి భయపడాల్సి రావడమేమిటి?

పొద్దున్న లేచేసరికి ఆండాళ్ ఏర్పాటు చేసేసింది. "పాలివ్వడం నీ వంతు. ఎత్తడం, దింపడం, నీళ్ళు పొయ్యడం, గోళ్ళు తియ్యడం అన్నీ నా వంతు. నీ చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చో."

ఆండాళ్ చీరాల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. లక్ష్మీప్రియ చిన్నప్పుడు, స్కూలు వదిలాక అక్కడికే వెళ్ళి బల్ల మీద కూర్చునేది. నెత్తిన హెడ్‌సెట్ పెట్టుకుని, తీగలు ఇక్కడ తీసి అక్కడ గుచ్చుతూ, గుంటూరునీ మద్రాసునీ కలిపే అమ్మని చూస్తే ఆమెకి గొప్పగా ఉండేది. ఊరందరి మాటలూ కలిపిన ఆండాళ్, సొంత మాట కోసం ఒక్కసారి కూడా ఆఫీసు లైను వాడుకోలేదు. చెల్లెలికి కాన్పయిందా లేదా అని ప్రాణం కొట్టుకుంటున్నా, డ్యూటీ దిగి, వీధి దాటి, ఎస్టీడీ బూత్‌లో డబ్బు కట్టి మాట్లాడింది. పక్క సీటులో వాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ అంది.

అటువంటి మనిషి అమెరికా వచ్చి పిల్లని చూసుకోవడం కూడా డ్యూటీలాగే మొదలుపెట్టింది. స్నానాల గదిలో చిన్న పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, ఆ కాళ్ళ మీద దియని పడుకోబెట్టి నలుగుపెట్టేది. కళ్ళజోడు జారకుండా ఒక నాడా కట్టుకునేది. చూపు బాగా తగ్గింది మరి. జోడు లేకపోతే పిల్ల ముక్కెక్కడో చెవెక్కడో తెలియదు.

ఆ జోడే విరిగింది. విరగ్గొట్టింది అల్లుడు తేజేశ్వర్.

తేజేశ్వర్‌ది కరీంనగర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బాతెల్‌లోనే, ఎవరో స్నేహితుల ఇంట్లో తలా ఒక వంట పట్టుకొచ్చిన విందులో లక్ష్మీప్రియకి పరిచయమయ్యాడు. ఆమె తెచ్చిన గోంగూర పచ్చడి తను ఒక్కడే సగం తినేసి, గిన్నె కడిగి ఇచ్చిన పుణ్యానికి పెళ్ళిదాకా వచ్చింది. మనిషి మంచివాడు, కాస్త దూకుడు. ఒకరోజు నది పక్కన షికారు చేసి వచ్చాక, పిల్ల బండిని ఒంటిచేత్తో మడిచి కారు వెనకాల పెట్టడం ఎలాగో అత్తగారికి చూపించాడు. ఆవిడ జోడు తీసి బండి సీటులో పెట్టిందని అతనికి తెలియదు. ఫట్‌మంది.

"అయ్యో అత్తమ్మా! ఏందది, ఇరిగింది?"

"ఏం లేదు బాబూ, నా కళ్ళు" అంది ఆండాళ్ శాంతంగా.

అతను అప్పటికప్పుడు కళ్ళజోళ్ళ దుకాణానికి తీసుకెళ్ళి, పరీక్ష చేయించి, మంచి ఫ్రేములో కొత్త జోడు ఆర్డరిచ్చాడు. అది వచ్చేదాకా పాత అద్దాలని టేపుతో అతికించి నెట్టుకొచ్చింది ఆండాళ్. కొత్తది పెట్టుకున్న రోజు పిల్లని దగ్గరికి తీసుకుని, "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, నీకు ఎడమ చెవి వెనకాల పుట్టుమచ్చ ఉందే!" అని మురిసిపోయింది.

దుకాణంలో తేజేశ్వర్ గీకింది లక్ష్మీప్రియ ఎఫ్ఎస్ఏ కార్డు.

అమెరికాలో ఉద్యోగస్తులు చాలామందికి ఉండే ఖాతా అది. పూర్తి పేరు ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్. ఏడాది మొదలవకముందే, వచ్చే ఏడు వైద్యానికి ఇంత పక్కన పెడతానని కంపెనీకి చెప్పాలి. ఆ మొత్తాన్ని పన్ను పడకముందే జీతంలోంచి విడతలుగా కోస్తారు. డాక్టర్ ఫీజులు, మందులు, పాలు తీసే పంపు, కళ్ళజోళ్ళు, ఇలాంటివాటికి ఆ కార్డు వాడుకోవచ్చు. ఏడాదిలో వాడుకోకపోతే చాలావరకు పోయినట్టే. పోయిన నవంబర్లో లక్ష్మీప్రియ ఆ మొత్తాన్ని బాగా పెంచింది. అప్పటికింకా మూడో నెల. ఐదో నెల వచ్చేదాకా బయట అనొద్దని ఆండాళ్ ఫోన్‌లో ఒట్టు వేయించుకుంది కాబట్టి, ఆఫీసులో ఎవరితోనూ అనకుండా, ఎవరినీ ఏమీ అడక్కుండా, తనంతట తనే అంకె మార్చుకుంది.

ఇప్పుడు చేతి వైద్యానికి ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను మిగతాదంతా ఆ ఖాతాలోంచే పెట్టుకోవాలని మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. సెలవులో వచ్చే డబ్బు తక్కువ, ఖర్చులు ఎక్కువ. ఆ ఖాతా ఉందన్న ధైర్యంతోనే థెరపీకి వరసగా అపాయింట్‌మెంట్లు బుక్ చేశారు.

అలా వెళ్ళిన ఒకరోజు థెరపీ అయ్యాక, ముందు బల్ల దగ్గర కార్డు గీకితే పని చెయ్యలేదు. మళ్ళీ గీకారు. ఊహూ. లక్ష్మీప్రియ మామూలు కార్డుతో కట్టి, కారులో కూర్చుని ఫోన్ తీసింది. ఖాతా యాప్‌లో మెసేజ్ ఉంది. కళ్ళజోడు ఎవరిదో తెలిపే బిల్లు అంతకుముందే అడిగితే తేజేశ్వర్ పంపాడు, బిల్లు మీద పేరు ఆండాళ్ అని ఉంది. సందర్శకురాలిగా వచ్చిన తల్లి పన్ను లెక్కల్లో ఆమె మీద ఆధారపడిన మనిషి కాదు కాబట్టి ఆ ఖర్చు చెల్లదు. అది తేలేదాకా కార్డు ఆపేశారు.

ఇంటికి వచ్చి, తలుపు తీస్తూనే మొగుణ్ణి నిలదీసింది.

"మా అమ్మ కళ్ళజోడు నా ఎఫ్ఎస్ఏ కార్డు మీద కొన్నావా?"

"కొన్న. కళ్ళద్దాలు ఎలిజిబుల్ అని షాపోడే చెప్పిండు. కార్డ్ తీసుకుంది కూడా."

"నాకూ, నీకూ, పిల్లకీ ఎలిజిబుల్. అమ్మకి కాదు."

"గదేంది? అత్తమ్మ ఫ్యామిలీ కాదా?"

"మనకి ఫ్యామిలీ. ట్యాక్స్ వాళ్ళకి కాదు. కార్డు ఆపేశారు తేజా! ఇవాళ థెరపీ దగ్గర తల కొట్టేసినట్టయింది."

"గంత టెన్షన్ ఎందుకు? పైసలు తిరిగి కట్టేద్దాం, గంతే."

"కట్టాక మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో! అసలు ఈ నెల ఎలా గడుస్తుందో చూశావా? ఒక పని చేస్తాను, రెండు వారాలు థెరపీ మానేస్తాను. పట్టీ ఉందిగా."

అప్పుడు చూశారు ఇద్దరూ. వంటింటి గుమ్మంలో, చేతిలో కాపడం మూటతో ఆండాళ్ నిలబడి ఉంది. మూట కూతురి చేతి మీద పెట్టి, జోడు తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న పీట వాల్చి ఉంది, నీళ్ళు తోడి ఉన్నాయి. ఆండాళ్ మాత్రం హాల్లో సోఫాలో కూర్చుంది.

"అమ్మా, దియకి నీళ్ళు పొయ్యవా?"

"కళ్ళు కనపడకుండా పసిదానికి నేను నీళ్ళు పొయ్యను. ముక్కులో పోస్తే?"

"జోడు పెట్టుకో."

"పెట్టుకోను. నాకు హక్కు లేని డబ్బుతో కొన్నది. మీ ఆయన్ని పంపించి ఆ షాపు వాడికి ఇచ్చేసి రమ్మను. నీ కార్డు తెరుచుకుంటుంది. నీ చెయ్యి బాగుపడుతుంది."

తేజేశ్వర్ బతిమాలాడు. "అత్తమ్మా, పవర్ వేసిన అద్దాలు వాపస్ తీసుకోరు. తప్పు నాది. బండి మడిచింది నేను, కార్డ్ గీకింది నేను."

"బాబూ, మీ తప్పేం లేదు. ఆఫీసు వాళ్ళు కాన్పు కోసం అమ్మాయికిచ్చిన డబ్బది. నా ముక్కు మీదకి ఎలా వచ్చింది?"

పసిపిల్లకి నీళ్ళు పొయ్యడం తేజేశ్వర్‌కి రాదు, చేసేది లేక లక్ష్మీప్రియే పిల్లని ఎత్తింది. స్నానాల గది దాకా వెళ్ళిందో లేదో మణికట్టులో మంట లేచి చెయ్యి వదులైంది. పిల్ల ఒక పక్కకి జారింది. తేజేశ్వర్ పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆండాళ్‌కి ఏమీ కనపడకపోయినా ఆ చప్పుడు వినపడింది. సోఫాలోంచి లేచి నిలబడి, కంగారుగా గాలిలో చేతులు చాపింది. ఆ చేతుల్ని చూసి లక్ష్మీప్రియకి ఏడుపు వచ్చేసింది. అమ్మ జోడు పెట్టుకోదు, తను పిల్లని ఎత్తలేదు, ఎత్తగలిగేలా చేసే వైద్యానికి కార్డు లేదు.

"శ్రీవిద్యగారికి ఫోన్ చెయ్యి" అంది మొగుడితో, కళ్ళు తుడుచుకుంటూ.

శ్రీవిద్య లక్ష్మీప్రియ కంపెనీలోనే సెలవులు, ఇన్సూరెన్సులు, ఈ ఖాతాలు చూసే ఉద్యోగి. ఏభై దాటిన మనిషి, సొంతూరు బందరు. ఆవిడకి మాట్లాడటం అంటే ఇష్టం. తెలుగువాళ్ళ వనభోజనాల్లో పులిహోర గంటె పట్టుకుని నిలబడి, వడ్డిస్తూ వడ్డిస్తూ ప్రతివాళ్ళనీ "ఆ ఫారం నింపావా, ఈ తారీకు చూశావా" అని అడుగుతుంది. లక్ష్మీప్రియ ఇన్నాళ్ళూ ఆ వరసలో కాకుండా పెరుగన్నం వరసలో నిలబడేది. ఇప్పుడు ఆ గొంతు ఫోన్‌లో వినపడగానే ప్రాణం లేచొచ్చింది.

"చెప్పమ్మా ప్రియా! పిల్ల బావుందా? రాత్రి పడుకుంటోందా? చెయ్యి నొప్పా? అయ్యో. నా చిన్నప్పుడు మా అక్కకీ ఇలాగే..."

"శ్రీవిద్యగారూ, స్పీకర్‌లో పెట్టాను, మా అమ్మ కూడా వింటోంది" అని మొదలుపెట్టి, కళ్ళజోడు కథంతా చెప్పింది.

అవతల శ్రీవిద్య పకపకా నవ్వింది. "ఓస్ ఇంతేనా! ఇది చాలామంది చేసేదేనమ్మా. వేసవి వచ్చిందంటే అమ్మమ్మల కళ్ళజోళ్ళూ, తాతయ్యల పళ్ళ సెట్లూ వరసపెట్టి వస్తాయి నా దగ్గరికి. పిన్నిగారూ, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. ఆ డబ్బు ఎవరిదో చెప్పు. కంపెనీదా, గవర్నమెంటుదా?"

"మీ అమ్మాయిదేనండీ. తన జీతంలోంచి తను దాచుకున్నదే. పన్ను లేకుండా దాచుకోనిచ్చారు కాబట్టి ఎవరికి ఖర్చు పెట్టాలో ఒక హద్దు పెట్టారు. మీరు ఆ హద్దుకి అవతల పడ్డారు, అంతే. నేరం కాదు."

"హద్దు దాటామా లేదా?"

"దాటారు. సరిచెయ్యడానికి రెండు దారులు. జోడు డబ్బు ఖాతాకి తిరిగి కట్టడం ఒకటి. రెండోది, మామూలు కార్డుతో కట్టిన వేరే చెల్లే ఖర్చు ఏదైనా ఉంటే, కాన్పు క్లాసుల ఫీజో, డాక్టర్ బిల్లో, ఆ రసీదు దీనికి బదులు చూపించడం."

"బదులు చూపించడం వద్దు. తీసింది తిరిగి పెట్టెయ్యడమే."

"నేను కడత. ఇరగ్గొట్టింది నేను కదా" అన్నాడు తేజేశ్వర్ వెనకనుంచి. "కాన్పు క్లాస్ రసీదు వేరేగా పెట్టుకోవచ్చా మరి?"

"హాయిగా పెట్టుకో. ఆగండాగండి." శ్రీవిద్య గొంతు మారింది. కీబోర్డు చప్పుడు వినిపించింది. "ప్రియా, నీకు కంపెనీ జీతం వచ్చే సెలవు ఈ శుక్రవారంతో అయిపోతోంది. నేను పంపిన మెయిల్‌కి జవాబు ఇవ్వలేదేం?"

"ఏ మెయిల్?"

"ఆఫీసు మెయిల్‌కి పంపానుగా."

లక్ష్మీప్రియ తల్లి వైపు చూసింది. బాలింత తెర వైపు చూస్తే కళ్ళు దెబ్బతింటాయని, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఆండాళ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌ని పాత చీరలో చుట్టి బట్టల అలమరలో పై అరలో పెట్టేసింది.

"అదీ నా నిర్వాకమేనా!" అంది ఆండాళ్ నుదురు కొట్టుకుని.

"ఇప్పుడేమవుతుందండీ?"

"ఏం కాలేదు, ఇంకా టైముంది. విను. ఇప్పటిదాకా నీకు మన పేరోల్ నుంచి జీతం వచ్చింది కాబట్టి ఖాతా కోసం కోత పడింది. వచ్చే వారం నుంచి నీకు సెలవు డబ్బు స్టేట్ గవర్నమెంటు వాళ్ళు ఇస్తారు. అది నేరుగా నీ బ్యాంకులో పడుతుంది, మన పేరోల్‌లోంచి ఏమీ రాదు. జీతమే లేనప్పుడు కోసేదెక్కడ?"

"నాకు డబ్బు వస్తూనే ఉంటుంది కాబట్టి అదీ నడుస్తుందనుకున్నాను."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. నువ్వు ఏదో ఒకటి చెప్పకపోతే మన దగ్గర ఖాతా ఆగిపోతుంది. ఆగిన రోజు నుంచి నువ్వు తిరిగొచ్చి మొదలుపెట్టేదాకా చేయించుకున్న ఏ వైద్యానికీ అది ఇవ్వదు. నీ చేతి థెరపీ అంతా ఆ మధ్యలోనే కదా!"

దియ ఏదో గునిసింది. ఈ కార్డు కళ్ళజోడు దగ్గర ఆగకపోయి ఉంటే, లక్ష్మీప్రియ శ్రీవిద్యకి ఫోన్ చేసేదే కాదు. శుక్రవారం వచ్చేది, వెళ్ళేది. వారం వారం థెరపీకి వెళ్ళి, కార్డు గీకి, ఎప్పటికో అవన్నీ చెల్లవని తెలిసేది. లక్ష్మీప్రియ గబగబా అడిగింది.

"ఆగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలండీ?"

"మన కంపెనీలో మూడు పద్ధతులున్నాయి. మిగిలిన జీతంలోంచి ముందే కోయించుకోవచ్చు. నెల నెలా చెక్కు పంపచ్చు. లేదా ఇప్పుడేమీ కట్టకుండా, పనిలో చేరాక కాస్త ఎక్కువ కోయించుకుంటూ బాకీ తీర్చచ్చు. ఏదైనా సరే, మధ్యలో ఖాతా బతికే ఉంటుంది. ఇంకో సంగతి, ఏడాదికి నువ్వు చెప్పిన మొత్తం మొదటి రోజు నుంచీ వాడుకోవచ్చు. ఇప్పటిదాకా కోసినంతే అని కాదు."

ఆండాళ్ ముందుకి వంగింది. "ఆగమ్మాయ్. ఇంకా కట్టని డబ్బు ముందే వాడుకోవడమా? అది తప్పు కాదూ?"

"కాదు పిన్నిగారూ, అది రూలే. మీరు ఫోన్స్‌లో చేశారటగా? ముందు మాట్లాడేస్తాం, బిల్లు తర్వాత వస్తుంది. అలాంటిదే అనుకోండి."

"ఓహో." ఆండాళ్ ఆ మాటని లోపలికి తీసుకుని, కాసేపు తిప్పి చూసుకుంది. "బిల్లు వచ్చినప్పుడు మాత్రం కట్టాలి."

"కట్టాలి. కట్టించుకుంటాం."

"అయితే ధర్మంగానే ఉంది" అంది ఆండాళ్.

తేజేశ్వర్‌కి హుషారొచ్చింది. "శ్రీవిద్యగారూ, పిల్లల డే కేర్‌కి ఇంకో ఖాతా ఉంటది కదా, దాంట్లోంచి మా అత్తమ్మకి జీతం ఇవ్వచ్చా?"

"బాబూ, విజిటర్‌గా వచ్చిన ఆవిడకి జీతమా? నాకు ఫోన్ సరిగ్గా వినపడలేదు, నువ్వేమీ అడగలేదు. పైగా తల్లి ఇంట్లో సెలవులో ఉన్నప్పుడు ఆ ఖాతా డే కేర్‌కి కూడా ఇవ్వదు. ఇద్దరూ పనికి వెళ్ళేటప్పుడే దాని అవసరం."

"నా మనవరాలికి నీళ్ళు పోస్తే జీతమేమిటి, సిగ్గులేకపోతే సరి" అంది ఆండాళ్. కోపంగా అనబోయింది కానీ, నవ్వు వచ్చేసింది.

మూడో పద్ధతే మంచిదనుకున్నారు. శ్రీవిద్య ఫోన్ పెట్టకుండా, అలమర పై అరలోంచి ల్యాప్‌టాప్ దింపించి, చీర విప్పించి, మెయిల్ తెరిపించి, ఎక్కడ నొక్కాలో చెప్పి, నొక్కాక తన దగ్గరికి వచ్చిందని చూసుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"శ్రీవిద్యగారూ, మీకెలా థాంక్స్ చెప్పాలో..."

"ఏమీ చెప్పకు. పెరుగన్నం వరసలోంచి పులిహోర వరసలోకి రా, చాలు. నేను చూడలేదనుకున్నావా?" లక్ష్మీప్రియ సిగ్గుపడింది. శ్రీవిద్య గొంతు తగ్గించి అంది. "నవంబర్లో నువ్వు ఆ అంకె పెంచినప్పుడే నాకు అనుమానమొచ్చిందమ్మా. చెప్పినప్పుడు చెప్తుందిలే అని ఊరుకున్నాను."

అంత మాటకారి మనిషి, ఐదో నెల దాకా ఒక్క మాట బయటికి రానివ్వలేదు. కూతురికంటే ముందు ఆ సంగతి తల్లికి తట్టింది. ఫోన్ దగ్గరికి జరిగి, "నువ్వు చల్లగా ఉండాలి తల్లీ" అంది ఆండాళ్, ఎక్స్ఛేంజిలో పెద్ద ఆఫీసర్లతో మాట్లాడినంత మర్యాదగా.

తేజేశ్వర్ జోడు డబ్బు అక్కడే కట్టేశాడు. కట్టినట్టు తెరమీద వచ్చింది చూపించమంది ఆండాళ్. చూపించాడు. కళ్ళు చికిలించి చూసింది. "ఏమీ కనపడటం లేదు, ఉండండి" అని గదిలోకి వెళ్ళి, జోడు పెట్టుకుని వచ్చి, అక్షరం అక్షరం చదివింది. ఆ తర్వాత చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, "నీళ్ళు చల్లారిపోయాయి, మళ్ళీ తోడండి" అంది.

రెండు రోజుల్లో కార్డు తెరుచుకుంది. లక్ష్మీప్రియ ఒక్క వారం కూడా మానకుండా థెరపీకి వెళ్ళింది. థెరపిస్ట్ రబ్బరు బంతి ఇచ్చి పిసకమనేది, వేలిని మెల్లగా వంచి పట్టుకోమనేది. ఇంట్లో ఆండాళ్ దానికి తోడు ఉప్పు కాపడం మానలేదు. "మీ అమ్మగారు చేస్తున్నది మంచిదే, చెయ్యనివ్వండి" అంది థెరపిస్ట్. ఆ మాట ఇంట్లో చెప్పాక ఆండాళ్ ముందు నిలబడటం కష్టమైపోయింది.

ఎండాకాలం గడిచింది. పట్టీ ముందు పగలు తీసేశారు, తర్వాత రాత్రి కూడా. సెలవు అయిపోయి లక్ష్మీప్రియ ల్యాబ్‌కి వెళ్ళింది. మొదటి రోజున భయం భయంగా పిపెట్ పట్టుకుంది. నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. మధ్యాహ్నం శ్రీవిద్య ఉండే అంతస్తుకి వెళ్ళి, చెయ్యి చాపి, బొటనవేలు ఇటూ అటూ ఆడించి చూపించింది. శ్రీవిద్య ఎవరితోనో ఫోన్‌లో తారీకులు మాట్లాడుతోంది. మాట ఆపకుండానే ఆ వేలిని పట్టుకుని ఒకసారి ఊపి వదిలింది. జీతం చీటీలో బాకీ కోత కాస్త గట్టిగానే పడింది. అది చూసినప్పుడు లక్ష్మీప్రియకి చిరాకు వెయ్యలేదు. ఆ కోత పడిన ప్రతిసారీ, వేసవి అంతా తన చెయ్యి పట్టుకుని నడిపించినవాళ్ళు గుర్తొచ్చారు.

ఆ శనివారం పొద్దున్న ఆండాళ్ పీట మీద తను కూర్చోలేదు.

"ఇవాళ నువ్వు కూర్చో."

"నేనా?"

"ఇంకెవరు, మీ ఆయనా? కాళ్ళు చాపు. దగ్గరగా, సందు లేకుండా. ఊఁ."

లక్ష్మీప్రియ చంకల కింద చేతులు పెట్టి, బొటనవేళ్ళు పైకి చాపి, దియని ఎత్తింది. పిల్ల బాగా బరువెక్కింది. ఒక్క క్షణం మణికట్టులో మంట కోసం ఎదురుచూసింది. రాలేదు. పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంది. ఆ వెచ్చటి చిన్న వీపు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది.

"ఏంటే, చూస్తూ కూర్చున్నావు? నలుగు పెట్టు."

"పెడుతున్నానమ్మా."

"గట్టిగా కాదు. అలా కాదు, కిందనుంచి పైకి. తలకి నీళ్ళు పోసేటప్పుడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టు. అదీ."

తేజేశ్వర్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "అత్తమ్మా, నాక్కూడా నేర్పుతరా?"

"మీరు ముందు బండి మడవడం నేర్చుకోండి బాబూ" అంది ఆండాళ్.

దియ మూతి ముడిచి, ఏడవాలా వద్దా అని ఆలోచించి, వేణ్ణీళ్ళు వీపు మీద పడగానే ఊరుకుంది. లక్ష్మీప్రియ రెండో చెంబు ముంచుకుంది.